కామెర్ల గడిలో రెండు

జూలై 2

గోడకు పటం అంటించాం. గుట్ట కింద బస్తీ మొత్తం అందులో ఉంది — గల్లీలు, కుళాయిలు, నాలా, మసీదు, పిండిగిర్ని. నేనూ, కంప్యూటర్ దగ్గర కూర్చునే లలితా స్టూళ్లెక్కి రెండు కొసలూ పట్టుకుంటే, మా డాక్టరు వసుంధర మేడమ్ కింద నిలబడి "ఎడమకి... ఇంకొంచెం" అంటూ సరిచేయించారు. మా హెల్త్ పోస్టుకు ఇంత పెద్ద కాగితం ఎప్పుడూ రాలేదు.

ఏప్రిల్ నుంచి అంటున్న కొత్త పద్ధతి ఇప్పటికి మా దాకా వచ్చింది. ఇన్నేళ్లూ నెలాఖరున లెక్కలు పైకి పంపడమే. పైన వాటిని ఏం చేస్తారో తెలియదు. ఇకమీదట ఆ లెక్కలే వార్డు కమిటీ ముందు పెడతారట. ఏ గల్లీలో జబ్బు ఎక్కువుంటే ఆ గల్లీకి ముందు పని. మంచినీళ్ల పైపులైనా సరే, మురుగు కాలువైనా సరే.

"మన లెక్క మన కోసం ఎస్తేరూ. పైవాళ్ల కోసం కాదు," అన్నారు మేడమ్. ఇరవై రెండేళ్ల నర్సు ఉద్యోగంలో ఈ మాట ఎవరి నోటా వినలేదు.

జూలై 4

పటం మీద చుక్కలు పెట్టడానికి ఏమీ ఇవ్వలేదు. స్టిక్కర్ బొట్ల అట్టలు కొన్నాను, ఎర్రవి. మా ఆయన చూసి "పాస్టరుగారు అడిగితే ఏం చెప్తావు?" అని నవ్వారు.

జూలై 8

పిండిగిర్ని గల్లీలో మూడిళ్లలో పచ్చకామెర్లు. నాలుగో ఇల్లు ఖాజాబీది. గాజుల మలారం నెత్తిన పెట్టుకుని ముప్పై ఏళ్లు ఆ చుట్టుపక్కల తిరిగిన మనిషి. గల్లీలో ఆడవాళ్లకు ఆమె మాటే మాట. తలుపుకు అడ్డంగా నిలబడింది.

"పేర్లు రాస్కుంట పోతరు సిస్టరమ్మా. మొన్న పోలియో చుక్కలోళ్లు రాసిన్రు, గంతకు ముంగట రేషన్ కార్డోళ్లు రాసిన్రు. ఏమొచ్చింది మాకు?"

"ఈసారి పేర్లుంటేనే పైపు మారుస్తారు. ఎన్ని పేర్లుంటే అంత త్వరగా."

"ఎవలు జెప్పిన్రు?"

"మా డాక్టరమ్మ. పూచీ నాది."

నా ముఖంలోకి కాసేపు చూసి పక్కకు జరిగింది. లోపల కోడలు రహీమా మిషన్ కుడుతోంది. ఆరో నెల, తొలి చూలు. టార్చి వేసి కళ్లు రెండుసార్లు చూశాను. తెల్లగానే ఉన్నాయి. రక్తం మాత్రం తక్కువ. మాత్రలిచ్చాను. నీళ్లు కాచి తాగమన్నాను.

"గ్యాస్ అయిపోతది సిస్టర్," అంది రహీమా. "ఎన్ని దినాలు కాగబెట్టాలె?"

"కొన్నాళ్లే. పైపు మార్చేదాకా."

ఆ తర్వాత ఖాజాబీయే చెప్పులేసుకుని నాతో వచ్చింది. ఒక్కో తలుపూ తనే తట్టింది. "చెప్పుండ్రి, మనోళ్లకే మంచిది" అంటూ. కామెర్లని బయటికి చెప్పుకోకుండా ఇంట్లోనే పసరు మింగుతున్నవాళ్లు ఐదుగురు బయటపడ్డారు.

జూలై 15

చుక్కలు ఎక్కడ పడితే అక్కడ పడటం లేదు. ఒకే దారిలో పడుతున్నాయి — పిండిగిర్ని దగ్గర మొదలై, నాలా వెంబడి మసీదు వెనక దాకా. ఎగువ గల్లీల్లో ఒక్కటీ లేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టి అలా చూస్తూ ఉండిపోయాను. లలిత వచ్చి నిలబడింది.

"అక్కా, నీళ్ల పైపు ఇట్లనే పోతది కదా?"

అవును. నాలాలోంచే పోతుంది. సాయంత్రం వెళ్లి చూశాను. పైపు మురుగులో సగం మునిగి ఉంది. అతుకు దగ్గర సైకిల్ ట్యూబు చుట్టి ఉంది.

జూలై 19

నీళ్ల పరీక్ష వచ్చింది. తాగడానికి పనికిరావు.

జూలై 21

బస్తీలో బోనాల డప్పులు. తలుపులు తట్టినా వినపడలేదు. అయినా ఇద్దరు దొరికారు. మొత్తం ఇరవై మూడు.

జూలై 25

కమిటీ ఒకటో తారీఖునే కనుక నెల రిపోర్టు ముందే ఇచ్చేశాను. కామెర్ల గడిలో ఇరవై మూడు. వెనక గల్లీల వారీ జాబితా, నీళ్ల పరీక్ష కాగితం, పటం నకలు.

మేడమ్ కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీశారు. "ఎంత పని చేశావు ఎస్తేరూ," అన్నారు. భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి నాకు కొత్త కాదు. గర్భసంచి ఆపరేషన్ నాడు థియేటరు దాకా నా వెంట నడిచింది ఆవిడే. మా అమ్మాయి పెళ్లికి చర్చిలో మొదటి వరుసలో కూర్చుని, రాని పాటలకు కూడా పెదాలు కదిపారు. గ్రాఫు చదవడం, వందకి ఎంత అని లెక్కకట్టడం... పన్నెండేళ్ల కిందట పలక మీద సున్నాలు దిద్దించినట్టు దిద్దించారు.

సాయంత్రం బయటికెళ్లి ముగ్గురికీ మిరపకాయ బజ్జీలు తెచ్చాను.

ఆగస్టు 1

కమిటీ. వార్డు ఆఫీసులో. మేడమ్ ముందు వరుస, మేం వెనక.

ఒక్కో హెల్త్ పోస్టు కాగితం చదివారు. ఈసారికి ఒకే పైపులైను పని. గుట్ట అవతల కొత్త కాలనీకి ఇచ్చారు, అక్కడ విరేచనాలు ఎక్కువట. నేను లేచాను. సాధారణంగా లేవను.

"సార్, గుట్ట కింద బస్తీలో కామెర్లు..."

నీళ్ల ఇంజనీరు కాగితం తిప్పి చూశాడు. "ఎక్కడమ్మా? మీ దగ్గర రెండే కదా ఉన్నయి."

రెండు. నా చేతికిచ్చాడు. మా పోస్టు పేరు, మా ముద్ర. కామెర్ల గడిలో రెండు. మేడమ్ వెనక్కి తిరగలేదు. ఆవిడ జడ, జడలో సన్నజాజులు... నాకు కనిపించినది అదే.

బయటికొచ్చాక అడిగితే, "కంప్యూటర్లో ఏదో పొరపాటయ్యుంటుంది. నేను చూస్తాలే," అన్నారు. కారెక్కారు.

పొరపాటే అయ్యుంటుంది.

ఆగస్టు 2

లలిత సెలవు.

ఆగస్టు 4

రహీమా కళ్లు పచ్చబడ్డాయి.

గుమ్మంలోనే తెలిసిపోయింది, టార్చి అక్కర్లేకపోయింది. రెండు రోజులుగా వాంతులు. గర్భిణికి కామెర్లంటే ఏమిటో నాకు తెలుసు. ఖాజాబీకి చెప్పలేదు. "ఇప్పుడే పెద్దాసుపత్రికి పోదాం," అన్నాను.  ఆమె కోడలికి బురఖా తొడిగి, ఆటో పిలిచింది. దారిలో రహీమా నా ఒళ్లో తల పెట్టుకుంది. "సిస్టర్, నీళ్లు మొదట్ల కాగబెట్టినం. గ్యాస్ అయిపోయింది. పైపు ఈ వారమే మారుస్తరని అమ్మి జెప్పింది," అంది, తప్పు చేసినట్టు.

అమ్మి అంటే అత్త, ఖాజాబీ. కమిటీకి ముందు ఆమెకు ఆ మాట చెప్పింది నేను.

ఆగస్టు 6

మాట తడబడుతోంది. భర్తను గుర్తుపట్టడం లేదు. వార్డులో రెండు మంచాల అవతల ఇంకో గర్భిణి. ఆమె కూడా నాలా పక్క గల్లీదే.

ఆగస్టు 9

తెల్లవారుజామున రహీమా పోయింది. లోపలి బిడ్డ నిన్ననే పోయింది.

ఆగస్టు 11

మూడో రోజు వెళ్లాను. ఆడవాళ్లంతా చాప మీద. నాకు చోటిచ్చారు.  కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. ఖాజాబీ లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని గల్లీలోకి తీసుకెళ్లింది.

"నా కోడలి పేరు రాసినవా?"

"రాశాను."

"మా గల్లీల అందరియి రాసినవా?"

"అందరివీ రాశాను."

"మరి?"

 కంప్యూటర్ పొరపాటు అందామనుకున్నాను. నోట్లోంచి రాలేదు.

ఆగస్టు 12

లలిత చెప్పింది.

మేడమ్ బయటికి వెళ్లేదాకా ఆగింది. తలుపు దగ్గరికి వేసి వచ్చి, కుర్చీ నా బల్ల దగ్గరికి లాక్కుంది. 

"అక్కా, నేను మీరు రాసిందే కొట్టిన. ఇరవై మూడనే కొట్టిన. మేడమ్ వచ్చి పక్కన కూసున్నరు. ఇరవై ఒకటి తీసి జ్వరాలల్ల వేయమన్నరు. 'ఇతర జ్వరాలు' అని ఉంటది కదా, అండ్ల."

"ఎప్పుడు?"

"మీరు రిపోర్టిచ్చిన రోజే. మీరు బజ్జీలు తెస్త, ఉండమని పోయిన్రు చూడండి... గప్పుడే."

మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే చెప్పింది. ఆ రోజు ముగ్గురం కలిసి తిన్నాం ఆ బజ్జీలు. మేడమ్ రెండు తీసుకున్నారు. కారం ఎక్కువైందని నవ్వారు.

"నాది కాంట్రాక్ట్ అక్కా," అంది లలిత. "నా పేరు చెప్పకండి." చెప్పనన్నాను.

ఆగస్టు 13

అడిగాను.

గదిలోకి వెళ్లి, కూర్చోమనకుండానే కూర్చుని అడిగాను. ఆవిడ కాదనలేదు. కాదంటారేమోనని రాత్రంతా ఆశపడ్డాను.

"బేగంపేటలో మీటింగుంది ఎస్తేరూ. బయటిదేశం వాళ్లొస్తున్నారు. ఈ పద్ధతి పెట్టిన చోట జబ్బులు తగ్గుతున్నాయని చూపిస్తేనే మిగతా వార్డులకు పోతుంది. మన దగ్గరే కామెర్లు పెరిగాయంటే మొత్తం ఆపేస్తామని ఫోనొచ్చింది. నేనేం చేసేది? ఒక్క నెల ఆపాను. వచ్చే నెల పెట్టేసేదాన్ని."

"ఇరవై ఒక్కమందిని జ్వరాల్లో వేశారు."

"జ్వరం కూడా వచ్చింది కదా వాళ్లకు."

నెమ్మదిగానే అన్నారు. పన్నెండేళ్ల కిందట గ్రాఫులు నేర్పిన గొంతుతోనే. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కసిరినా బాగుండేది.

"రహీమా చనిపోయింది మేడమ్."

"తెలుసు. నాకు బాధ లేదనుకుంటున్నావా?" కళ్లజోడు తీశారు. "కమిటీలో ఇరవై మూడున్నా వారంలో పైపు మారేది కాదు. ఆ సంగతి నీకూ తెలుసు."

తెలుసు. రహీమాకు అప్పటికే జబ్బు అంటుకుని ఉండొచ్చు, అదీ తెలుసు. కానీ మిగతా గల్లీకైనా నీళ్ల ట్యాంకరు వచ్చేది. క్లోరిన్ మాత్రలు పంచేవాళ్లు. కుళాయి నీళ్లు తాగొద్దని మైకులో చెప్పేవాళ్లు. రహీమాతో నేనన్న 'కొన్నాళ్లే' అబద్ధమయ్యేది కాదు. ఇవన్నీ మెట్లు దిగాక గుర్తొచ్చాయి. 

ఆగస్టు 15

జెండా ఎగరేశాం. మేడమ్ చాక్లెట్లు పంచారు. తీసుకున్నాను. చేతిలోనే కరిగిపోయింది.

ఆగస్టు 17

ఆదివారం. ప్రసంగం ఏమిటో గుర్తులేదు. మా ఆయనకు మొత్తం చెప్పాను.  బడిలో పిల్లల తప్పు దిద్దే ముందు లాగే పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టారు.

"ఆవిడ చెడ్డ మనిషి కాదు ఎస్తేరూ," అన్నారు చివరికి.

"చెడ్డ మనిషైతే నాకింత నొప్పి ఎందుకండీ?"

ఆగస్టు 21

బేగంపేట. హోటల్లో మీటింగు. చల్లగా ఉంది, కాళ్లు తివాచీలో దిగిపోతున్నాయి. రానన్నాను. "నువ్వు రాకపోతే ఎలా, నీ పనే కదా చూపిస్తున్నది," అని మేడమ్ కారులోనే తీసుకెళ్లారు. దారంతా మా అమ్మాయి కాపురం గురించి అడిగారు. జవాబులు చెప్పాను.

తెర మీద మా పటం. మా గోడ మీదిదే, ఫొటో తీశారు. కానీ నాలా వెంబడి ఖాళీ. చుక్కలు పీకి ఫొటో తీసి మళ్లీ అంటించారా, ఫొటోలో చెరిపారా... దగ్గరగా చూస్తే జిగురు మరకలు కనిపించేవేమో. నాకు కనిపించాయి. లేక కనిపించినట్టు అనిపించిందో.

ఎవరో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. స్థానిక లెక్క, స్థానిక నిర్ణయం. అందరూ రాసుకుంటున్నారు. ఉన్నట్టుండి నా పేరు పిలిచారు. నడిచాను. శాలువా కప్పారు. చప్పట్లు.

ఇక్కడ అబద్ధం రాయకూడదు. మైకు నా ముందే ఉంది. ఎవరూ అడ్డుపడలేదు. "రెండు మాటలు చెప్పండి సిస్టర్" అని కూడా అన్నారు. నేను చేతులు జోడించి "అందరికీ వందనాలు" అని దిగి వచ్చేశాను.

ఆగస్టు 22

శాలువా బీరువా అడుగున పెట్టాను. మా ఆయనకు చూపించలేదు.

ఆగస్టు 25

పిండిగిర్ని గల్లీ. మొదటి ఇంట్లో లేరన్నారు, లోపల టీవీ మోగుతూనే ఉంది. రెండో ఇంట్లో తలుపు తీయలేదు. మూడో ఇంట్లో ఒక పెద్దాయన పచ్చటి కళ్లతో అరుగు మీదే కూర్చుని, "నాకేం లేదమ్మా, బానే ఉన్న," అన్నాడు.

"మీ కళ్లు పచ్చగా ఉన్నాయి."

"ఉండనీ. పేరు రాయకు."

ఈ నెల లెక్క ఎవరూ మార్చనక్కర్లేదు. నిజంగానే తగ్గిపోతుంది.

ఆగస్టు 28

గర్భిణి చనిపోతే జిల్లాకు ఒక ఫారం పంపాలి. రహీమాది ఇంకా వెళ్లలేదని ఉత్తరం వచ్చింది. విచారణకు అధికారి బుధవారం వస్తున్నారు. ఇంటివాళ్లనూ పిలిపించమన్నారు.

మేడమ్ ఫారం నా బల్ల మీద పెట్టారు. అన్నీ నిండి ఉన్నాయి. మరణానికి కారణం దగ్గర పెన్సిల్‌తో 'తీవ్ర రక్తహీనత'. కింద మొదట ఉండాల్సిన సంతకం నాది. ఆ తర్వాత ఆవిడది.

"చూసుకుని పెన్నుతో దిద్దు," అన్నారు. "రక్తం తక్కువే కదా. నీ రిజిస్టర్లోనే ఉంది."

ఉంది. జూలై 8న నేనే రాశాను. నా చేతిరాతే తీసుకుని నా ముందే పెట్టారు.

"ఆసుపత్రి కాగితంలో కామెర్లని ఉంటుంది కదా మేడమ్."

"అది వాళ్లు చూసుకుంటారు. మనది మనం పంపుదాం." గుమ్మం దగ్గర ఆగారు. "నువ్వు పేర్లు రాసిన ఇంటింటి పుస్తకం కూడా ఇవ్వు. కొట్టివేతలున్నాయి, కొత్తగా ఫెయిర్ చేయిద్దాం."

ఇంట్లో ఉందని చెప్పాను. నా బల్ల సొరుగులోనే ఉంది. ఆవిడతో అబద్ధమాడటం ఇదే మొదలు. సాయంత్రం దాన్ని సంచిలో వేసుకుని తెచ్చేశాను.

ఆగస్టు 31

చర్చి నుంచి వచ్చేసరికి మేడమ్ మా ఇంట్లో ఉన్నారు. మా ఆయన టీ ఇచ్చి, చేతిలో పేపరుతో వరండాలోకి వెళ్లిపోయారు.

పుస్తకం గురించి ముందు ఎత్తలేదు. నా మోకాళ్ల నొప్పి అడిగారు. మందు రాసిచ్చారు. తర్వాత కప్పు కింద పెట్టారు.

"నాకు రిటైర్మెంటు ఇంకో ఏడాది. నీకు నాలుగేళ్లు. ఇది బయటపడితే మొదట పోయేది లలిత ఉద్యోగం. ఆ అమ్మాయి కొట్టింది కదా వేళ్లతో. తర్వాత ఈ పద్ధతి. మళ్లీ పాతకాలంలోకి పోతాం, లెక్కలు పైకి పంపి కూర్చుంటాం. అది కావాలా నీకు?"

లలిత పేరు నేను ఎత్తలేదు. ఎవరు చెప్పారో ఆవిడకు తెలిసిపోయింది.

"మీరు చెప్పండి మేడమ్, మీరు మార్చానని. అధికారికి మీరే చెప్పండి. నేను మీ పక్కనే ఉంటాను."

నన్ను చూశారు. ఆవిడకింత వయసు వచ్చిందని ఇవాళే గమనించాను. "నిన్ను తయారుచేసింది నేను ఎస్తేరూ," అన్నారు. కోపంగా కాదు. నిజం చెబుతున్నట్టు. నిజమే కూడా.

పుస్తకం ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. ఆవిడ గేటు తనే వేసుకుని వెళ్లారు.

సెప్టెంబర్ 1

లలిత పనిలోకి రాలేదు. ఫోను తీయడం లేదు.

నిజం చెబితే ఆమె ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే... మా ఆయన అన్నం దగ్గర, "నువ్వు సంతకం పెట్టకపోతే ఇంకొకళ్లు పెడతారు," అన్నారు. ముద్ద కలుపుతూ, "పెట్టమని అనడం లేదు," అన్నారు. ఆ రెండు మాటల మధ్యలోనే ఉన్నాను రోజంతా.

సెప్టెంబర్ 2

ఖాజాబీ దగ్గరికి వెళ్లాను. విచారణ కబురు ఆమెకు ముందే అందింది. వాకిట్లో గాజులు సైజుల వారీగా దారాలకు ఎక్కిస్తోంది. కూర్చోమనలేదు. మెట్టు మీద కూర్చున్నాను.

"రేపు పిలుస్తారు నిన్ను. జరిగింది చెప్పు," అన్నాను.

"నేనేం జెప్పాలె? నాకు సదువు రాదు. నీళ్లు కంపు గొట్టినయ్. పిల్ల కండ్లు పచ్చగైనయ్. సచ్చిపోయింది. గింతే నాకెరుక."

"అదే చెప్పు."

"జెప్తే? మీ కాగితంల వేరే ఉంటది. గాయిన కాగితం జూస్తడా, నన్ను జూస్తడా?"

అప్పుడు చెప్పాను. ఇరవై మూడు ఎలా రెండయిందో చెప్పాను. లలిత పేరు చెప్పలేదు. మేడమ్ పేరు చెప్పాను. బేగంపేటలో మైకు ముందు నేను ఏమీ మాట్లాడలేదని కూడా చెప్పాను.

ఆమె చేతిలో దారం ఆగలేదు. ఒక డజను పూర్తిచేసి ముడివేసి పక్కన పెట్టింది.

"గియన్ని నాకు జెప్పినవ్, మంచిది. రేపు ఆయనకు జెప్తవా?"

అవుననే బదులు ఒళ్లోని సంచి సర్దుకున్నాను. ఆమె అది చూసింది.

"నీకు సుత తక్లీఫ్ ఉంటది. నౌకరీ ఉంది, పిల్లలున్నరు. నేను తిడ్తలేను. రేపు నా పక్కన కూసుంటవా, డాక్టరమ్మ దిక్కు కూసుంటవా? గదొక్కటి జెప్పు. నేను ఎట్ల మాట్లాడాల్నో నాకు ఎరుకైతది."

"నీ పక్కనే," అన్నాను.

ఆమె తలెత్తలేదు. ఇంకో డజను లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఫారం మీద నేనింకా సంతకం పెట్టలేదు. విచారణ రేపు పదకొండు గంటలకు. వార్డు ఆఫీసులోనే. ఆ గదిలో కుర్చీలు ఎలా వేస్తారో నాకు తెలుసు. ఇంటివాళ్లకు గోడవారగా బెంచీ. ముందు మేడమ్. మేడమ్ వెనక కుర్చీ నాది, పన్నెండేళ్లుగా. ఎవరూ చెప్పకుండానే కాళ్లు అటే నడుస్తాయి.